ఒకే ఇంట్లో అనేక గేమింగ్ కన్సోళ్లకు హోమ్ నెట్‌వర్క్ ఏర్పాటు: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఒక్క గేమింగ్ కన్సోల్ ఉన్నంత వరకు నెట్‌వర్క్ గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండోది, మూడోది వచ్చాకే చిక్కులు బయటపడతాయి. ఒకరు ఆటలో చేరగానే ఇంకొకరికి పార్టీ చాట్ తెగిపోతుంది. ఒక గదిలో అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతుంటే పక్క గదిలో ఆట తడబడుతుంది. ఇద్దరూ కలిసి ఆడదామనుకుంటే ఒకరి లాబీలోకి మరొకరు చేరలేరు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా ఇంటర్నెట్ ప్లాన్ స్పీడు పెంచుకుంటారు. ఆ ఖర్చు చాలా ఇళ్లలో దండగే, ఎందుకంటే ఆట నడుస్తున్నంత సేపూ ఒక్కో కన్సోల్ వాడుకునేది చాలా ఆటల్లో 1 ఎంబీపీఎస్ కూడా ఉండదు.

అసలు సమస్యలు రెండు. ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్ (బయటి ఇంటర్నెట్‌కు మన ఇల్లు కనిపించే చిరునామా) వెనుక ఉన్న కన్సోళ్లు ఒకే పోర్టు (ఆ చిరునామాలో డేటా వచ్చే నంబరున్న ద్వారం) కోసం పోటీ పడటం మొదటిది. పెద్ద డౌన్‌లోడ్‌లు, అప్‌లోడ్‌లు జరిగేటప్పుడు ఆట ప్యాకెట్లు (డేటా ముక్కలు) వాటి వెనుక క్యూలో చిక్కుకోవడం రెండోది. కింది దశలు ఈ రెండింటినీ తొలగించే క్రమంలో ఉన్నాయి. ముందు దశ సరిగా లేకపోతే తరువాతి దశ ఫలించదు కాబట్టి వరుస తప్పకుండా చేయడం మంచిది.

దశ 1: ముందుగా కొలవడం

ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే ఇప్పుడున్న పరిస్థితిని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ప్రతి కన్సోల్‌లోనూ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో కనెక్షన్ టెస్ట్ ఉంటుంది. అది చూపే న్యాట్ (ఇంట్లోని పరికరాలన్నీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను పంచుకునేలా రూటర్ చేసే చిరునామా మార్పిడి) టైప్ ఏమిటి, ఆ కన్సోల్ కేబుల్‌తో ఉందా వైఫైతో ఉందా, టెస్ట్ జరిగినప్పుడు మిగతా కన్సోళ్లు ఆన్‌లో ఉన్నాయా లేవా అన్న మూడు సంగతులూ రాసుకోండి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. విడివిడిగా టెస్ట్ చేసినప్పుడు అన్నీ బాగానే ఉండి, కలిపి ఆన్ చేసినప్పుడు మాత్రమే ఒకటి దెబ్బతినడం ఇలాంటి ఇళ్లలో మామూలు.

న్యాట్ టైప్‌కు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. ఎక్స్‌బాక్స్‌లో ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అని కనిపిస్తుంది. వీటిలో స్ట్రిక్ట్ ఉన్న కన్సోల్ ఓపెన్ ఉన్నవారితో మాత్రమే నేరుగా కలవగలదు. ప్లేస్టేషన్ టైప్ 1, 2, 3 అని చూపుతుంది. రూటర్ వెనుక ఉన్న ప్లేస్టేషన్‌కు టైప్ 2 రావడమే సరైన ఫలితం. టైప్ 1 అంటే రూటర్ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించినట్టు, కాబట్టి దాని వెంట పడనక్కర్లేదు. నింటెండో స్విచ్‌లో ఏ నుంచి డీ వరకు, ఆపైన ఎఫ్ అని ఉంటాయి. ఏ లేదా బీ వస్తే నిశ్చింతగా ఉండవచ్చు, డీ వస్తే చాలామందితో కనెక్షన్ కుదరదు.

తరువాత ఒక కంప్యూటర్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, బయటి సర్వర్ ఒకదానికి ఆగకుండా పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కొలిచే కమాండ్) నడపండి. ఇంట్లో ఎవరూ ఇంటర్నెట్ వాడనప్పుడు రెండు నిమిషాలు చూసి, ఆ తరువాత ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియోను అప్‌లోడ్ చేస్తూ మళ్లీ చూడండి. 20 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉన్న అంకె అప్‌లోడ్ మొదలవగానే 200, 300కి ఎగబాకితే మీ ఇంట్లో క్యూ సమస్య ఉన్నట్టే. దాని మందు 6వ దశలో ఉంది. ఖాళీగా ఉన్నప్పుడే పింగ్ ఎక్కువగా ఉంటే అది దూరానికి సంబంధించిన విషయం కావచ్చు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు, కాబట్టి 1,000 కిలోమీటర్ల దూరపు సర్వర్‌కు వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఏ గేమింగ్ రూటరూ దీన్ని తగ్గించలేదు. ఆటలో దగ్గరి సర్వర్ రీజియన్ ఎంచుకోవడమొక్కటే మార్గం.

దశ 2: న్యాట్ ఒక్కసారే జరిగేలా చూడటం

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె చాలా ఇళ్లలో తానే ఒక రూటర్. దాని వెనుక సొంత రూటర్ పెట్టుకుంటే ఇంట్లోనే రెండుసార్లు న్యాట్ జరుగుతుంది. కన్సోల్ సొంత రూటర్‌ను అడిగి పోర్టు తెరిపించుకున్నా, బయట ఉన్న మొదటి పెట్టెకు ఆ సంగతి తెలియదు కాబట్టి వచ్చిన ప్యాకెట్లను అక్కడే పారేస్తుంది. దీన్ని గుర్తించడం తేలిక. సొంత రూటర్ స్టేటస్ పేజీలో వాన్ (రూటర్ బయటి వైపు) ఐపీ అడ్రస్ చూడండి. అది 192.168తో గాని, 10తో గాని, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో గాని మొదలైతే దానికి ముందు ఇంకో రూటర్ ఉన్నట్టే.

పరిష్కారానికి రెండు దారులున్నాయి. కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి మొత్తం పనిని సొంత రూటర్‌కు అప్పగించడం ఒకటి, సొంత రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చి దాన్ని కేవలం వైఫై కోసం వాడుకోవడం రెండోది. 6వ దశలో చెప్పే క్యూ నియంత్రణ కంపెనీ పెట్టెల్లో అరుదుగా ఉంటుంది కాబట్టి, వీలున్న చోట మొదటి దారినే ఎంచుకోవాలి.

వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే పరిస్థితి వేరు. ఆ అడ్రస్‌లను 2012లో ప్రత్యేకంగా సీజీన్యాట్ (కంపెనీ స్థాయిలో జరిగే న్యాట్) కోసమే కేటాయించారు. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ను కంపెనీ అనేక ఇళ్లకు పంచుతోందన్నమాట. అప్పుడు రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం ఉండదు. కంపెనీని అడిగి పబ్లిక్ ఐపీ తీసుకోవాలి, అది స్టాటిక్ (ఎప్పుడూ మారనిది) అయి ఉండనవసరం లేదు. రూటర్‌లో ఐపీవీ6 (ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్ ఇవ్వగల కొత్త తరం చిరునామా పద్ధతి) ఆన్ చేయడం కూడా మేలు చేస్తుంది. ఎక్స్‌బాక్స్‌కు ఐపీవీ6తో పనిచేయడం వచ్చు, అవతలి ఆటగాడికీ ఐపీవీ6 ఉంటే ఆ దారిలో న్యాట్ ప్రసక్తే ఉండదు.

దశ 3: కేబుళ్లు

కదలకుండా ఒకే చోట ఉండే ప్రతి కన్సోల్‌కూ కేబుల్ వేయాలన్నది ఈ మార్గదర్శి మొత్తంలో రాజీ పడకూడని విషయం. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక క్షణంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతావి ఆగాలి. కన్సోళ్లు పెరిగేకొద్దీ ఈ ఆగడం పెరుగుతుంది, పైగా ఎప్పుడెంత ఆగాలో ముందుగా తెలియదు. ఆటకు సగటు పింగ్ కంటే ఈ హెచ్చుతగ్గులే ఎక్కువ హాని చేస్తాయి. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లే సమయం. 30 మిల్లీసెకన్ల కుదుపు వస్తే దాదాపు రెండు ఫ్రేములు పోయినట్టే.

1 గిగాబిట్ వేగానికి క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు చాలు. గోడల్లోంచి కొత్తగా లాగుతున్నట్లయితే క్యాట్ 6 వేయడం మంచిది. అంతకు మించిన నంబర్లతో, మెరిసే అట్టపెట్టెలతో అమ్మే కేబుళ్లతో ఆట ఏమాత్రం మెరుగుపడదు. చూడవలసిందల్లా లోపలి తీగ పూర్తి రాగిదా కాదా అన్నదే. అల్యూమినియం మీద రాగి పూత పూసిన సీసీఏ కేబుల్ చవగ్గా దొరుకుతుంది కాని, వంచితే విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది. కరెంటు తీగలతో కలిపి ఒకే పైపులో వేయకండి. ఒక గదికి ఒక కేబుల్ లాగడానికి పడే శ్రమే రెండు కేబుళ్లకూ పడుతుంది, అందుకని ఒకేసారి రెండు లాగి ఉంచుకోవడం తెలివైన పని.

కనెక్టర్లు స్వయంగా బిగించేవారు రెండు చివరలా ఒకే వరుస పాటించాలి. సాధారణంగా వాడే బీ వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులకు చేరే రెండు జతలే చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అందుకే నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ సరిగా దిగకపోయినా కనెక్షన్ తెగదు, చప్పుడు చేయకుండా 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. బిగించాక రూటర్ పేజీలో గాని, నెట్‌వర్క్ స్విచ్ (ఒక కేబుల్‌ను అనేక పరికరాలకు పంచే పెట్టె) మీది లైటు రంగును బట్టి గాని ప్రతి పోర్టూ (ఇక్కడ కేబుల్ గుచ్చే చోటు) గిగాబిట్‌లో ఉందో లేదో సరిచూసుకోండి.

ఒకే టీవీ కింద రెండు మూడు కన్సోళ్లు ఉంటే అక్కడికి ఒక కేబుల్ తెచ్చి, 5 పోర్టుల అన్‌మేనేజ్డ్ గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ పెడితే సరిపోతుంది. దానికి సెట్టింగ్స్ ఏమీ ఉండవు. పాత 100 ఎంబీపీఎస్ స్విచ్‌ను అటక మీంచి దించి వాడకండి. తొందరలో ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చితే లూప్ ఏర్పడి ఇంటి నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుందని కూడా గుర్తుంచుకోండి. నింటెండో స్విచ్ మొదటి మోడల్ డాక్‌కు ల్యాన్ పోర్టు లేదు, యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొనాలి. 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్ డాక్‌కు, స్విచ్ 2 డాక్‌కు పోర్టు ఉంది.

కేబుల్ లాగే వీలే లేని ఇళ్లలో, గోడల్లో టీవీ కోయాక్స్ కేబుల్ ముందే ఉంటే దాని మీద నడిచే మోకా అడాప్టర్లు చక్కటి ప్రత్యామ్నాయం. కరెంటు వైరింగ్ మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్ల పనితనం మాత్రం ఇంటి వైరింగ్‌ను బట్టి మారిపోతుంది, కాబట్టి వాపసు ఇచ్చే వీలుంటేనే వాటిని కొనండి.

దశ 4: ప్రతి కన్సోల్‌కూ మారని ఐపీ అడ్రస్

రూటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే) సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ ఉంటుంది. ఒక్కో కన్సోల్ మ్యాక్ అడ్రస్‌కు (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) ఒక్కో ఐపీని, ఉదాహరణకు 192.168.1.51, 52, 53 అని కేటాయించండి. కన్సోల్‌లో మాన్యువల్‌గా ఐపీ నమోదు చేసే పద్ధతి కంటే ఇదే మేలు, ఎందుకంటే అన్ని అడ్రస్‌లూ ఒకే చోట కనిపిస్తాయి, ఒకే అంకె రెండింటికి ఇచ్చే పొరపాటు జరగదు. కేబుల్‌కు, వైఫైకి వేర్వేరు మ్యాక్ అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి మీరు వాడే కనెక్షన్‌దే రాయండి. యూఎస్‌బీ అడాప్టర్ వాడుతుంటే అడాప్టర్ మ్యాక్ రాయాలి.

దశ 5: పోర్టుల పోటీని తీర్చడం

బయటి నుంచి ఒక పోర్టుకు వచ్చే ప్యాకెట్లను రూటర్ లోపలి ఒక్క పరికరానికే పంపగలదు. ఎక్స్‌బాక్స్ నెట్‌వర్క్ యూడీపీ 3074 పోర్టును వాడుతుంది. ఇంట్లో రెండు ఎక్స్‌బాక్స్‌లు ఉంటే రెండూ దాన్నే కోరుకుంటాయి. ప్లేస్టేషన్ సేవలకు యూడీపీ 3478, 3479 పోర్టులు వాడుకలో ఉన్నా, దాని మీద నడిచే కొన్ని ఆటలు ఇదే 3074ను అడుగుతాయి. కాబట్టి వేర్వేరు కంపెనీల కన్సోళ్ల మధ్య కూడా పోటీ తప్పదు. పాత మార్గదర్శులు చెప్పినట్టు 3074ను చేత్తో ఒక కన్సోల్‌కు ఫార్వార్డ్ చేస్తే (ఆ పోర్టుకు వచ్చేవన్నీ దానికే పంపమని రూటర్‌కు చెబితే) ఆ ఒక్కటి బాగుపడి రెండోది పాడవుతుంది. నింటెండో స్విచ్ కోసం వేల పోర్టుల శ్రేణిని దానికే ఫార్వార్డ్ చేయమనే సలహా ఇంకా ప్రమాదకరం. ఆ శ్రేణిలో మిగతా కన్సోళ్లకు కావలసిన పోర్టులు కూడా కొట్టుకుపోతాయి. ఒక కన్సోల్‌ను డీఎంజెడ్‌లో (వేరే నియమం లేని పోర్టులన్నీ ఒకే పరికరానికి తెరిచే సెట్టింగులో) పెట్టడం కూడా అలాంటిదే.

అనేక కన్సోళ్లున్న ఇంటికి సరైన పద్ధతి యూపీఎన్‌పీ. ఇందులో కన్సోలే రూటర్‌ను పోర్టు అడుగుతుంది, ఆ పోర్టు అప్పటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే ఇంకో పోర్టు అడిగే వీలుంటుంది. ముందుగా రూటర్‌లోని పాత పోర్ట్ ఫార్వార్డింగ్ నియమాలు, డీఎంజెడ్, పోర్ట్ ట్రిగ్గరింగ్ అన్నీ తీసేయండి. యూపీఎన్‌పీ ఆన్ చేయండి. తరువాత కన్సోళ్లన్నిటినీ రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, రూటర్‌ను రీస్టార్ట్ చేయండి. రూటర్ పూర్తిగా లేచాక కన్సోళ్లను ఒక్కొక్కటిగా ఒకటి రెండు నిమిషాల ఎడంతో ఆన్ చేయండి. రెస్ట్ మోడ్‌లో ఉన్న కన్సోల్ పాత పోర్టు తనదేనన్న భ్రమలోనే మేల్కొంటుంది కాబట్టి పూర్తి షట్‌డౌన్ తప్పనిసరి.

ఇప్పుడు రూటర్‌లో యూపీఎన్‌పీ పట్టిక తెరవండి. 192.168.1.51కి బయటి పోర్టు 3074, 192.168.1.52కి వేరే ఏదో పెద్ద అంకె కనిపిస్తే పని కుదిరినట్టే. రెండో కన్సోల్ పేరు మీద వరుసే లేకపోతే, ఎక్స్‌బాక్స్ అయితే దాని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆల్టర్నేట్ పోర్ట్ సెలెక్షన్‌కు వెళ్లి జాబితాలోంచి ఇంకో పోర్టు ఎంచుకోండి. యూపీఎన్‌పీ సరిగా నడవని రూటర్ ఉన్నవారు ఈ సదుపాయంతోనే మొదటి ఎక్స్‌బాక్స్‌కు 3074, రెండోదానికి ఎంచుకున్న పోర్టు చేత్తో ఫార్వార్డ్ చేసుకోవచ్చు.

ఫైర్‌వాల్ పంపిణీలైన పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ వాడేవారికి ఒక మెలిక ఉంది. అవి బయటికి వెళ్లే ప్రతి కనెక్షన్ సోర్స్ పోర్టునూ మార్చేస్తాయి, దాంతో అన్ని కన్సోళ్లకూ స్ట్రిక్ట్ రావచ్చు. 4వ దశలో ఇచ్చిన అడ్రస్‌లకు మాత్రం స్టాటిక్ పోర్ట్‌తో (పోర్టును మార్చకుండా) అవుట్‌బౌండ్ న్యాట్ నియమం రాయాలి.

యూపీఎన్‌పీకి భద్రతపరమైన లోటు లేకపోలేదు. ఇంట్లో ఏ పరికరమైనా అనుమతి లేకుండానే పోర్టు తెరిపించుకోగలదు. రూటర్‌లో సదుపాయం ఉంటే కన్సోళ్ల అడ్రస్‌లకే దాన్ని పరిమితం చేయండి, రూటర్ ఫర్మ్‌వేర్ తాజాగా ఉంచండి, అప్పుడప్పుడు పట్టికలో తెలియని వరుసలు ఉన్నాయేమో చూడండి.

దశ 6: క్యూను అదుపు చేయడం

లైను నిండినప్పుడు చాలా రూటర్లు, మోడెములు ప్యాకెట్లను పెద్ద బఫర్‌లో పోగుచేస్తాయి. చిన్న ఆట ప్యాకెట్ ఆ వరుసలో ఇరుకు వంతెన ముందు లారీల వెనుక నిలబడ్డ సైకిలులా ఇరుక్కుంటుంది. దీనికే బఫర్‌బ్లోట్ అని పేరు. స్పీడు పెంచితే ఇది తగ్గినట్టు అనిపించినా, 100 జీబీ ఆట డౌన్‌లోడ్ చేసే కన్సోల్ ఎంత లైను ఇచ్చినా నింపేయగలదు. 100 ఎంబీపీఎస్ లైను మీద ఆ డౌన్‌లోడ్‌కు రెండు గంటల పైనే పడుతుంది, అంత సేపూ మిగతావారికి ఇబ్బందే.

దీనికి మందు ఎస్‌క్యూఎం, అంటే తెలివైన క్యూ నిర్వహణ. 2012లో లినక్స్ కెర్నల్‌లోకి వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్, 2018లో 4.19 కెర్నల్‌తో వచ్చిన కేక్ ఈ పని చేసే పద్ధతులు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో ఇవి దొరుకుతాయి, మరికొన్ని రూటర్లలో వేరే పేర్లతో ఉంటాయి. అనేక కన్సోళ్లున్న ఇంటికి కేక్ ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే ఎవరెన్ని కనెక్షన్లు తెరిచారన్నది చూడకుండా పరికరానికి ఇంత అని సమాన వాటా పంచే ఏర్పాటు అందులో ఉంది. పది కనెక్షన్లతో డౌన్‌లోడ్ చేసే కన్సోల్‌కూ, ఒకే కనెక్షన్‌తో ఆడే కన్సోల్‌కూ అప్పుడు న్యాయం జరుగుతుంది.

డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలను రద్దీ వేళ కొలిచి, వాటిలో 85 నుంచి 95 శాతాన్ని పరిమితిగా ఇవ్వండి. క్యూ మోడెమ్‌లో కాకుండా మన రూటర్‌లోనే ఏర్పడాలంటే ఈ కొద్దిపాటి వేగాన్ని వదులుకోక తప్పదు. 85తో మొదలుపెట్టి, మొదటి దశలోని పింగ్ పరీక్ష మళ్లీ చేస్తూ, అంకె కదలనంత వరకు పెంచుకుంటూ వెళ్లండి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ (రూటర్ ప్రాసెసర్‌ను తప్పించి ప్యాకెట్లను ప్రత్యేక చిప్ ద్వారా పంపే దారి) ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఎస్‌క్యూఎంను తప్పించుకుపోతాయి కాబట్టి దాన్ని ఆపాలి. చిన్న ప్రాసెసర్ ఉన్న రూటర్లు కొన్ని వందల ఎంబీపీఎస్ దాటితే ఈ పని మోయలేవు. అలాంటప్పుడు అప్‌లోడ్‌కు మాత్రమే పెట్టుకున్నా సగం బాధ తీరుతుంది, ఎందుకంటే చాలా లైన్లలో ఇరుకైనది అప్‌లోడే. పరికరాల పేర్లను పైకీ కిందికీ జరిపే పాత తరహా క్యూఓఎస్ (ప్రాధాన్యాలు నిర్ణయించే) పేజీతో కుస్తీ పట్టడం కంటే ఇది ఎంతో నయం.

దశ 7: వైఫై మీదే ఉండాల్సిన కన్సోళ్లు

చేతిలో పట్టుకుని ఆడే నింటెండో స్విచ్ లాంటివి వైఫై మీదే ఉంటాయి. వాటిని 5 గిగాహెర్ట్జ్‌లో ఉంచండి. ప్లేస్టేషన్, నింటెండో కంట్రోలర్లు వాడే బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది, యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కుల నుంచి వచ్చే రొద కూడా అక్కడే పడుతుంది. మొదటి పీఎస్4 మోడల్‌కు మాత్రం 2.4 తప్ప గత్యంతరం లేదు. దాని కోసం 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి.

ఆట మధ్యలో ఏ కారణమూ లేకుండా వైఫై ఒక నిమిషం పోయి వస్తుంటే రూటర్ డీఎఫ్‌ఎస్ ఛానెల్‌లో ఉందేమో చూడండి. ఆ ఛానెళ్లలో రాడార్ సిగ్నల్ వినిపించినట్టు అనిపిస్తే రూటర్ నియమం ప్రకారం ఖాళీ చేసి పోవాలి. 36 నుంచి 48 వరకు ఉన్న ఛానెళ్లకు ఈ బెడద లేదు. మెష్ (ఇల్లంతా వైఫై అందించే పెట్టెల జట్టు) పెట్టుకున్నవారు ఆ పెట్టెల మధ్య కేబుల్ వేయగలిగితే వేయాలి. కన్సోళ్లను గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టకూడదు, అక్కడ యూపీఎన్‌పీ సాధారణంగా పనిచేయదు, ఇంట్లోని కన్సోళ్లు ఒకదానికొకటి కనిపించవు. ఇక రూటర్ కొనేముందు ఒక మాట: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లు వైఫై 5 కన్సోళ్లు, పీఎస్5 వైఫై 6 కన్సోల్. వీటి కోసమే అయితే వైఫై 7 రూటర్‌కు డబ్బు పోయనక్కర్లేదు.

దశ 8: ఒకసారి దించి ఇంట్లోనే పంచుకోవడం

ఒకే ఆట రెండు ఎక్స్‌బాక్స్‌లకు కావాలంటే రెండుసార్లు డౌన్‌లోడ్ చేయనవసరం లేదు. బ్యాకప్ అండ్ ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్‌లో నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్‌ను అనుమతిస్తే ఒకదాని నుంచి మరొకదానికి ఇంటి నెట్‌వర్క్ మీదుగానే కాపీ అవుతుంది. గిగాబిట్ కేబుల్ మీద 100 జీబీ పంపడానికి లెక్క ప్రకారం 14 నిమిషాల లోపే పడుతుంది, డిస్కు వేగాన్ని బట్టి ఆచరణలో ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. 3వ దశలో పడ్డ శ్రమకు ఫలం కళ్లకు కనిపించేది ఇక్కడే.

దశ 9: అన్నీ కలిపి పరీక్షించడం

అన్ని కన్సోళ్లనూ ఆన్ చేయండి. రెండింటిని ఒకే పార్టీలో చేర్చి ఒకే ఆట ఆడించండి, మూడోదానిలో పెద్ద డౌన్‌లోడ్ పెట్టండి, ఫోన్ నుంచి వీడియో అప్‌లోడ్ చేయండి, పక్కన పింగ్ నడవనివ్వండి. ఒక అరగంట ఇలా నడిపి, మొదటి దశలో రాసుకున్న కాగితంతో పోల్చండి. పింగ్ ఎగబాకితే 6వ దశలోని పరిమితి ఇంకా తగ్గించాలి. పింగ్ స్థిరంగా ఉండి ఒక కన్సోల్‌కు మాత్రమే చాట్ పోతే యూపీఎన్‌పీ పట్టికలో దాని వరుస వెతకాలి. అన్నిటికీ న్యాట్ చెడిపోతే 2వ దశకు వెళ్లి వాన్ ఐపీ మళ్లీ చూడాలి. వైఫై మీద ఉన్న కన్సోల్ ఒక్కటే కుదుపులకు లోనైతే తప్పు 7వ దశలో ఉంది.

ఫలితం తృప్తిగా ఉన్నాక రూటర్ కాన్ఫిగరేషన్‌ను ఫైలుగా బ్యాకప్ తీసి దాచుకోండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తరువాత గాని, ఫ్యాక్టరీ రీసెట్ తరువాత గాని యూపీఎన్‌పీ, ఎస్‌క్యూఎం రెండూ ఆన్‌లోనే ఉన్నాయో లేదో చూడండి. ఇంటర్నెట్ ప్లాన్ మారిన రోజున ఎస్‌క్యూఎం అంకెలను కూడా కొత్త వేగానికి తగ్గట్టు మార్చకపోతే, కొత్త ప్లాన్‌కు డబ్బు కడుతూ పాత వేగంతోనే ఆడుతూ ఉంటారు.